గురువారం గొంతు

చెవులకు తగిలించుకున్న డొప్పల్లోంచి గరగరమంటూ వచ్చిన మాట పిడుగు. రేడియోలో ఆట చెప్పే వెర్లిన్ క్రామ్ చెవిన పడింది గొడుగు. చెవిన పడ్డది నోట్లోంచి ఊడిపడటానికి ఇరవయ్యేళ్ళుగా అతనికి అడ్డంకి అంటూ లేదు కనక మైకులో అనేశాడు: "శ్రోతలారా, రెఫరీలు గొడుగులు కావాలంటున్నారు! తడిస్తే చొక్కాల మీది నల్లచారలు కారిపోయి తెల్లమొహాలు వేయాల్సొస్తుందని భయం కాబోలు. దయగల తల్లులెవరైనా ఉంటే కాస్త ఆదుకోండి!" వార్డెల్ కాలేజీ ఫుట్‌బాల్ ఆటకొచ్చిన జనంలో సగం మంది కళ్ళు మైదానానికిచ్చి చెవులు వెర్లిన్‌కిచ్చి ఒళ్ళో చిన్న రేడియో పెట్టుకుని కూర్చుంటారు. ఆ సగంలో దయగల తల్లులు బాగానే ఉన్నట్టున్నారు, మెట్ల వరసల్లోంచి ఎర్రవీ పచ్చవీ పువ్వులవీ గొడుగులు టపటపా విచ్చుకుని కంచె వైపు దిగసాగాయి. కింద రెఫరీ రెండు చేతులూ ఊపుతూ పొండి పొండి అంటుంటే రండి రండి అనుకుని ఇంకాస్త తొందరపడ్డాయి. పక్కన దుర్భిణి పట్టుకుని ఆటగాళ్ళ నంబర్లు చెప్పే ముసలి ఆర్లో వెర్లిన్ మోకాలి మీద ఒక్కటిచ్చాడు. "పిడుగురా నాయనా, పిడుగు! ఆటాపేశారు. కన్సాస్ ఆకాశం కింద ఆడవాళ్ళ చేతికి ఇనప కమ్మీలిచ్చి మైదానంలోకి తోలుతున్నావు!" వెర్లిన్ నాలిక్కరుచుకున్నాడు. "తల్లులారా, తప్పు నా చెవిది, శిక్ష మీకొద్దు, గొడుగులు మూసి కార్లలోకి నడవండి, పిడుగట!" అన్నాడు, గొడుగులు ముడుచుకున్నాయి, జనం నవ్వుకుంటూ కార్లలోకి పోయారు, పడమట ధాన్యం గోదాముల వెనక మళ్ళీ తళుక్కుమంది.

నవంబరులో పిడుగేమిటని ఆకాశాన్ని నిలదీసేవాడు లేడు. పొద్దుటినుంచీ దక్షిణపు గాలి జ్వరం వచ్చిన మనిషి ఊపిరిలా వెచ్చగా వీస్తోంది. మెరుపు కనిపించాక అరగంట ఆగాలి, ఈలోగా ఇంకోటి మెరిస్తే అరగంట మళ్ళీ మొదటికొస్తుంది, అదీ నియమం. జట్లు రెండూ మెట్ల కింది గదుల్లో దూరాయి, వాన వెలిశాక ముందు విరామం వేడుక, తరవాతే మిగతా ఆట. ఆట ఆగితే ఆడేవాడు కాళ్ళు చాపుకోవచ్చు, చెప్పేవాడు నోరు మూసుకోకూడదు, మూసుకుంటే జిల్లా అంతటా రేడియోల్లో గాలి తప్ప ఏమీ ఉండదు. అందుకని మాట్లాడుతున్నాడు. మొక్కజొన్న ధర గురించి, లూథరన్ చర్చిలో రేపటి సూపు విందు గురించి, తన దుకాణం గురించి, టైర్లమ్మేవాడే గాని టయర్డయ్యేవాడు కాదని ఎన్నోసారో చెప్పిన మాట మళ్ళీ ఒకసారి. మన జట్టు, అదే మన కొంగలు, ఇరవై ఏడు మూడుతో వెనకబడి ఉన్నాయి, ఒంటికాలి మీద నిలబడటం వాటికి అలవాటే, ఆ రెండోకాలు ఎప్పుడు దించుతాయా అనే మన ఎదురుచూపు. సముద్రం లేని కన్సాస్‌లో ఇన్ని ఓడలెక్కడివంటే, మన జట్టు వారానికొకటి తెచ్చిపెడుతోంది. నోరు దాని పని అది చేసుకుపోతోంది. కళ్ళు మాత్రం ఉత్తరపు కంచె దగ్గర ఆగిన నీలం పికప్ బండి మీదికే పోతున్నాయి. బండి అద్దం మీద వాన, అద్దం వెనక నోలా, అతని భార్య. చర్చికి మాత్రమే వేసుకునే బూడిదరంగు కోటు వేసుకుని, ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చుని ఉంటుంది, రేడియో పెట్టుకుని. వాన తగ్గాక మైదానం మధ్యకు నడవడానికి. నడిచివెళ్ళి కోచ్ ముందు నిలబడి, నేనే ఓపల్‌ని అనడానికి.

ఓపల్ అనే మనిషి ఈ లోకంలో లేదు. ఉన్నది గురువారం. హాల్ బ్రాండ్‌వోల్డ్ కోచ్‌గా ఉన్నన్నాళ్ళూ గురువారం సాయంత్రం రేడియో కార్యక్రమం జరిగే ఆర్డిత్ హోటల్లో కుర్చీ దొరికేది కాదు. కిటికీ పక్క బల్ల మీద రెండు మైకులు, ఒకటి కోచ్‌కి, ఒకటి వెర్లిన్‌కి, గోడకున్న ఫోను మోగుతూనే ఉండేది, రైతులూ బార్బర్లూ పాస్టర్లూ అందరూ ఫోను చేసి శనివారం ఎలా ఆడాలో ముప్పయ్యేళ్ళ అనుభవమున్న హాల్‌కి నేర్పేవాళ్ళు, హాల్ పంది మాంసం శాండ్‌విచ్ నములుతూ "మంచి సలహా, రాసుకున్నా" అనేవాడు, ఏమీ రాసుకునేవాడు కాదు, శనివారం గెలిచేవాడు. ఆ హాల్ మోకాళ్ళరిగి ఎండ కోసం అరిజోనా పోయాడు. వేసవిలో అలబామా నుంచి లామార్ పెట్‌వే వచ్చాడు, మీసాలింకా పూర్తిగా కుదురుకోని మనిషి, అందరినీ మేడమ్, సర్ అంటాడు, మాట తేనెలో ముంచి తీసినట్టు సాగుతుంది. హాల్ ఆట నేలమీది ఆట, బంతి పొట్టకు హత్తుకుని ఎద్దుల్లా తోసుకుపోవడమే. లామార్ ఆట గాలిలోది. ఎద్దులకు ఎగరడం నేర్పుతున్నాడన్నారు ఊళ్ళో. నేర్పుతూనే ఉన్నాడు, ఎద్దులు పడుతూనే ఉన్నాయి, మొదటి శనివారం, రెండో శనివారం, నిజంగా గాలికెగిరిన బంతి చేతులదాకా వచ్చి జారిన ఆ మూడో శనివారం. గురువారాల్లో ముందు కుర్చీలు ఖాళీ అయ్యాయి, తరవాత ఫోను ఆగింది. ఆర్డిత్ పెనం మీద అట్లకాడ గీరుతున్న చప్పుడు రేడియోలో జిల్లా అంతా విన్నది. "గురువారం కాస్తా గురుభారమైపోయింది కోచ్!" అన్నాడు వెర్లిన్, నవ్వించాలని. లామార్ నవ్వాడు, మర్యాదకి. ఆ మర్యాద ఉందే, అది తిట్టుకంటే లోతుగా దిగింది, ఇప్పటికీ గుచ్చుకునే ఉంది.

అప్పుడు మోగింది ఫోను. "నేను ఓపల్‌నండీ. ఊరవతల, వాగు దాటాక మా ఇల్లు." ముక్కులోంచి వస్తున్న గొంతు, ఎవరో ముసలామె. ఎవరా అని వెర్లిన్ ఆలోచిస్తుండగానే ఆ గొంతు ఒక చిన్న ఊపిరి తీసి "అయితే" అంది. అంతే. ఆ ఊపిరి అతనికి పెళ్ళైన మొదటి ఏడు నుంచీ తెలుసు, అయితే పాలు అయిపోయాయి, అయితే డాక్టరు ఏమన్నాడు, అయితే మనకిక పిల్లలు లేనట్టేనా, అన్నీ ఆ ఊపిరి తరవాతే వచ్చాయి. "అయితే నాయనా, శనివారం పంతొమ్మిదో నంబరు కుర్రాడు భుజం మీద పడ్డాడే, వాడికి రాత్రి నిద్ర పట్టిందా?" ఇరవయ్యేళ్ళ గురువారాల్లో ఎవరూ అడగని ప్రశ్న. లామార్ రెండు చేతులూ బల్లమీద పెట్టి ముందుకు వంగాడు, మైకు దగ్గరికి కాదు, ఫోను దగ్గరికి. "పట్టలేదు మేడమ్. పడుకుంటే నొప్పి. మా ఇంట్లో వాలుకుర్చీ ఉంటే తీసుకొచ్చి అందులో కూర్చోబెట్టాను, తెల్లారుజామున కునుకు తీశాడు. వాడి పేరు కోడీ." ఆ రాత్రి వెర్లిన్ ఇంటికి పోయేసరికి నోలా గిన్నెలు కడుగుతోంది. "ఎలా జరిగింది?" అంది వెనక్కి తిరక్కుండానే. "ఒక ఫోనొచ్చింది." "మంచిదేగా." "మంచిదే." అంతకుమించి ఆ ఇంట్లో ఓపల్ మాట ఈ రోజుకీ రాలేదు. చెప్పుకోకుండా ఉండటం కూడా ఒక కాపరమే, గట్టిగా నవ్వే మొగుడూ నెమ్మదిగా కడిగే పెళ్ళామూ ఉన్న ఇంట్లో ఆ మౌనం మూడో మనిషిలా తిరిగేది.

"...అదిగో మళ్ళీ మెరిసింది, చూశారా, అరగంట మళ్ళీ మొదటికి! మా ఆర్లో ఇంతసేపట్లో రెండు డోనట్లు ముగించాడు, మూడోదాని మీదికి దుర్భిణి తిప్పాడు," అని నోరంటోంది. "నీ నోరు పడ," అన్నాడు ఆర్లో, అదీ రేడియోలో పోయింది. గురువారం గురువారం ఓపల్. బస్సులో పిల్లలు ఏం తింటున్నారు, అరటిపళ్ళు పెడుతున్నారా, ఉత్త చిప్సేనా? ఇంటిమీద బెంగపెట్టుకున్నవాడు ఎవడు? ఆ బంతి తన్నే కుర్రాడు తన్నేముందు ఆకాశంలోకి చూస్తాడెందుకు? నోలా చిన్నపిల్లల బడిలో వంట చేసి రిటైరైన మనిషి, తొంభై పళ్ళాల్లో ఎవరి పళ్ళెం ముట్టకుండా తిరిగొచ్చిందో చూసి ఎవరింట్లో ఏం జరుగుతోందో చెప్పేది. ఊళ్ళో గుసగుసలు మొదలయ్యాయి. టైర్లు మార్పించుకోవడానికొచ్చిన ప్రతివాడూ "ఎవరయ్యా ఈ ఓపల్? వాగు దాటాక నాకు తెలిసి దున్నపోతులు తప్ప ఎవరూ లేరే" అనేవాడు. ఇంకొకడు, "ఎవరైతేనేం, సరిగ్గా అడుగుతుంది" అనేవాడు. ఆర్డిత్ హోటల్లో రెండు కుర్చీలు నిండాయి, మూడు నిండాయి. ఆట కోసం కాదు, ఓపల్ కోసం. జట్టు ఓడుతూనే ఉంది, కొంచెం కొంచెం తక్కువతో, మళ్ళీ చాలా ఎక్కువతో.

అక్టోబరులో ఆ గురువారం. ఆర్డిత్ యాపిల్ పై కోసి పెట్టింది, లామార్ ఫోర్కుతో అటూ ఇటూ కదుపుతున్నాడు, వెర్లిన్ పక్కనే ఉన్నాడు, మోచేతికి మోచెయ్యి తగిలేంత పక్కన. రక్షణ వరస గురించి అడిగాడు, లామార్ చెప్పాడు. వచ్చే ఆట గురించి అడిగాడు, చెప్పాడు. నవ్వించాడు, నవ్వాడు. ఫోను మోగింది. ఓపల్ ఎప్పటిలా ప్రశ్న అడగలేదు. చిన్న ఊపిరి, తరవాత, "నీ గొంతు ఇవాళ వేరుగా ఉంది నాయనా. ఏమైంది?" అట్లకాడ ఆగింది. లామార్ ఫోర్కు కింద పెట్టి పళ్ళెం అంచుకు సరిగ్గా ఆనించి, "మా అమ్మ సోమవారం పోయింది మేడమ్," అన్నాడు. సోమవారం పోయిందట, మంగళవారం వెళ్ళాడట, బుధవారం మట్టి చేసి రాత్రంతా కారు నడుపుకుంటూ వచ్చాడట, గురువారం మధ్యాహ్నం పిల్లల చేత పరుగులు తీయించాడట. ఎవరికీ చెప్పలేదు, ఎవరూ అడగలేదు గనక. ఓపల్ ముక్కుతో మాట్లాడటం మరిచిపోయి, ఉత్త నోలా గొంతుతో, "తిన్నావా?" అంది. ఎవరూ గమనించలేదు. గమనించిన ఒక్కడూ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

మొన్నటి గురువారం లామారే ఆమెను ఆపాడు. "ఓపల్ గారూ, శనివారం ఆఖరి ఆట. ఆఖరి ఏడాది పిల్లలు ఆట విరామంలో వాళ్ళ అమ్మలకు చామంతి ఇస్తారు, తెలుసుగా. నాకు ఈసారి ఇవ్వడానికి ఎవరూ లేరు. మీరొస్తారా?" బంతి పోయినా చామంతి మిగిలిందోయ్ కోచ్, అనబోయి వెర్లిన్ ఆ ప్రాస మింగేశాడు. ఫోన్లో ఊపిరి వినిపించింది, ఈసారి చిన్నది కాదు. "వస్తాను నాయనా," అంది. ఇంటికెళితే నోలా కోటుకు బ్రష్ కొడుతోంది, మాట్లాడలేదు. ఇవాళ పొద్దున కోటు గుండీలు పెట్టుకుంటూ ఒకే ఒక్క మాట అంది, తలుపు వైపు చూస్తూ, "వెళ్ళక తప్పదు కదా." అతను "వాన పడేలా ఉంది" అన్నాడు.

వాన పడింది. ఏం లాభం, వాన వెలిశాక ఆమె నడుస్తుంది. మెట్లమీద వందలమంది, నోలా తెలియనివాడు లేడు, వాళ్ళ పిల్లలందరికీ ఆమే వడ్డించింది. బూడిద కోటులో నోలా క్రామ్ మైదానం మధ్యకు పోయి నేనే ఓపల్‌ని అంటే ముందు ఎవడో ఒకడు పకాలుమంటాడు, ఆ వెనక ఇంకొకడు. చేతిలో పువ్వు పట్టుకున్న లామార్ ఆ నవ్వు విని మెట్లన్నిటికంటే పైనున్న ఈ చెక్కగదిలోకి చూస్తాడు, మొగుడు మైకు దగ్గర, పెళ్ళాం ఫోను దగ్గర, మధ్యలో నేను, అనుకుంటాడు. తప్పేముంది అలా అనుకుంటే? ఇందాక వాణిజ్య ప్రకటనలు పోతుండగా కింది గదినుంచి ఈ గదికున్న తీగ ఫోను మోగింది, లామారే. "వెర్లిన్ గారూ, ఓపల్ గారు వచ్చారా? పువ్వు నీళ్ళ సీసాలో పెట్టి ఉంచాను, వాడిపోకుండా." వెనకాల పిల్లల మాటలూ, వాటి కింద తన రేడియో గొంతే వినిపించాయి, టైర్ల ప్రకటన. "ఒక్క సంగతి, మీతోనే. సాయంత్రంలోగా కాలేజీ ప్రెసిడెంటు గారికి చెప్పాలి, వచ్చే ఏడు ఉంటానో వెళతానో. మా అన్న బర్మింగ్‌హామ్‌లో ఒక హైస్కూల్లో మాట్లాడి ఉంచాడు. మొన్నటిదాకా వెళ్ళిపోదామనే. కానీ ఈ ఊళ్ళో ఒక్క మనిషైనా నన్ను స్కోరు అడక్కుండా మాట్లాడింది. ఆమె మొహం ఒక్కసారి చూశాక తేల్చుకుంటాను." ఇప్పుడు చెప్పు, అనుకున్నాడు వెర్లిన్. "కోచ్, ఆమె మొహం..." "ఏమిటండీ?" "అదే... కాస్త మొహమాటస్తురాలులే." లామార్ నవ్వి పెట్టేశాడు. ఫోను చేతిలో అలాగే ఉండిపోయింది. మొహం అని మొదలెట్టి మొహమాటంలోకి జారిపోయిన నోరు, ఇరవయ్యేళ్ళుగా జిల్లాని నవ్విస్తున్న నోరు, దాన్ని పట్టుకుని బయటికి విసిరేయాలనిపించింది. నిజానికి ఓపల్‌ని బతకనిచ్చింది ఎందుకు? కోచ్ మీద జాలితోనా? ఫోను మోగని కార్యక్రమాన్ని స్టేషన్ వాళ్ళు ఎన్నాళ్ళుంచుతారు? జాలి నోలాది. అతనిది జాగ్రత్త.

మెరుపు ఆగింది. పడమట మబ్బు కింద పసుపు గీత తేలింది, ఆర్లో గడియారం చూసి వేళ్ళతో సైగ చేశాడు, ఇంకొద్దిసేపే. కిందికి ఫోను చేస్తే కోచ్‌కి చెప్పచ్చు, నోలాకి చెప్పలేడు. మెట్లు దిగి పరుగెత్తితే నోలాకి చెప్పచ్చు, నవ్వేవాళ్ళకు చెప్పలేడు. నీలం బండిలో రేడియో ఉంది. కింది గదిలో రేడియో ఉంది. కార్లన్నిటిలో ఉంది. అందరికీ ఒక్కసారే చేరేది ఒక్కటే, అది అతని మూతికి జానెడు దూరంలో ఉంది.

"శ్రోతలారా," అన్నాడు, ఆ గొంతు విని ఆర్లో డోనట్ దించాడు. "ఇది హాస్యం కాదు, నవ్వకండి. ఓపల్ అనే ఆవిడ లేదు. వాగు దాటి ఎవరూ వెతక్కండి. గురువారం గురువారం ఫోను చేసింది మా ఆవిడ నోలా, మా వంటింట్లోంచి, ముక్కు పట్టుకుని. ఆమె నాకు చెప్పలేదు, నేను ఆమెనడగలేదు, కానీ మొదటి మాటకే నాకు తెలుసు. తెలిసీ ఊరుకున్నాను, ఫోను మోగడం నాకూ కావాలి గనక. నిన్ను ఆట పట్టించాలని కాదు కోచ్. నోలా, వింటున్నావు కదా. అంతమందిలో నిలబడి నువ్వు చెప్పాల్సొచ్చేది, నేను చెప్పేశాను. ఇక నవ్వేదేమన్నా ఉంటే నన్ను చూసి నవ్వనీ." ప్రాస రాలేదు, పోలిక రాలేదు. చూరునుంచి నీళ్ళు కారుతున్నాయి. నీలం బండి అద్దం మీద వైపరు ఒక్కసారి అటు పోయి ఇటు వచ్చి ఆగింది.

తీగ ఫోను మోగింది. "నేను లామార్‌ని, మెట్ల కింది గదిలోంచి. దీన్ని రేడియోలో కలపండి." వెర్లిన్ ఫోనును మైకుకు ఆనించి పట్టుకున్నాడు. "ఒకటి అడగాలి. ఆ ప్రశ్నలు మీరు రాసిచ్చారా?"

"లేదు కోచ్. ఏమడుగుతుందో నాకెప్పుడూ తెలిసేది కాదు."

"కోడీ నిద్ర సంగతి?"

"ఆమెదే."

"మరి నా గొంతు వేరుగా ఉందన్నది?"

"నేను నీ పక్కనే కూర్చున్నాను, మోచేయి తగిలేంత పక్కన. నాకు తెలియలేదు. ఆమెకు వంటింట్లోంచి తెలిసింది."

అటువైపు పిల్లల మాటలు ఆగిపోయాయి. తరవాత తేనెలో ముంచినట్టుండే ఆ గొంతు కొంచెం బొంగురుగా, "అయితే ముక్కు ఒక్కటే అబద్ధం," అంది. "పువ్వు ఇంకా బాగానే ఉంది. ఆవిడని రమ్మనండి."

సైరన్ కూసింది. కార్ల తలుపులు తెరుచుకున్నాయి, జనం తడి మెట్లెక్కుతున్నారు, ఎవరూ నవ్వడంలేదు. నీలం బండి తలుపు తెరుచుకుంది. చెప్పడం వెర్లిన్ పని కనక చెప్పసాగాడు, వేరే పని అతనికి రాదు. "ఉత్తరపు గీత దగ్గర నోలా క్రామ్. గడ్డి తడిగా ఉంది, నెమ్మదిగా నడుస్తోంది. పది గజాల గీత దాటింది. ఎడమ చెప్పు బురదలో దిగింది, లాక్కుంది, ఆగలేదు. ఇరవై. ముప్పై. అటునుంచి కోచ్ వస్తున్నాడు, టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు, వెనకాల ఆఖరేడు పిల్లలు, వాళ్ళలో కోడీ కూడా. నలభై. ఈ ఏడు మన జట్టు ఇంత దూరం ఏ అడ్డూ లేకుండా..." ఆ మాట పూర్తిచేయలేదు. "మధ్య గీత. పువ్వు ఇచ్చాడు. ఆమె ఏదో అడుగుతోంది. కోచ్ వంగి వింటున్నాడు. చెబుతున్నాడు, పొడుగాటి జవాబే. శ్రోతలారా, ఏమంటున్నాడో నాకు వినబడటంలేదు."

"కోచ్ తలూపాడు," అన్నాడు ఆర్లో దుర్భిణిలోంచి. "అడ్డంగా కాదు, నిలువుగా. అదేమిటి, మీ ఆవిడ ఇటు తిరిగి మూడు వేళ్ళు చూపిస్తోందేం? మనకున్న ఆ మూడు పాయింట్లు చాలంటోందా?" మెట్లమీద కూడా మూడు మూడు అంటూ తలలు పైకి తిరిగాయి. మైదానం మధ్యన బూడిద కోటు, ఎత్తిన చెయ్యి, మూడు వేళ్ళు, పక్కన తలొంచుకున్న మనిషి. ప్రతి సాయంత్రం నోలా వంటింటి గుమ్మంలోంచి ఎంతమందికి వండాలని అడిగితే వెర్లిన్ చూపించేది రెండు వేళ్ళు.

వెర్లిన్ మైకు దగ్గరికి లాక్కున్నాడు. "పాయింట్లు కావు," అని అందరికీ చెప్పాడు. "రాత్రి మా ఇంట్లో భోజనానికి మూడు పళ్ళాలు."